టెలిస్కోపు అటకెక్కకూడదంటే...

'నాన్నా... టెలిస్కోపు కొనిపెట్టవూ' అని పిల్లలు అడుగుతారు. కాదనలేం. కొంటాం. రెణ్నెల్లు తిరిగేసరికి అది పాత కుక్కరు పక్కన, అటక మీద ఉంటుంది. తప్పు పిల్లలదీ కాదు, ఆకాశానిదీ కాదు. మరెక్కడుంది చిక్కు?

2023 ఆగస్టు 23. సాయంత్రం ఆరు దాటింది. చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లో విక్రమ్ ల్యాండర్ మెల్లగా దిగింది. టీవీల ముందు కూర్చున్న ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. ఆ రోజు మబ్బుల్లేని చోట మేడెక్కి చూసినవాళ్లకి దక్షిణం వైపు ఆకాశంలో, సగానికి దగ్గరపడుతున్న చంద్రుడు కనిపించాడు. అక్కడే మన విక్రమ్ ఉందంటే ఏ పిల్లాడికైనా దగ్గరగా చూడాలనిపిస్తుంది. ఆ కోరిక పుట్టడం తేలికే. దాన్ని నిలబెట్టడమే కష్టం.

ఎందుకంటే, సాధారణంగా ఏం జరుగుతుందంటే... పుట్టినరోజుకి ఓ పెట్టె ఇంటికొస్తుంది. దాని మీద రంగురంగుల శనిగ్రహం బొమ్మ. పక్కనే పెద్ద అక్షరాల్లో '525 రెట్లు'! లోపల ఓ గొట్టం, పుల్లల్లాంటి మూడు కాళ్లు, రెండు మూడు చిన్న కటకాలు. రాత్రి మేడ మీద బిగించి చూస్తే అంతా మసక. గాలొస్తే ఊగుతుంది. ముట్టుకుంటే ఊగుతుంది. చంద్రుడు దొరికినట్టే దొరికి జారిపోతాడు. 'శని ఏడీ' అని పిల్ల అడిగితే నాన్నకీ తెలీదు. నాలుగు రాత్రులు ఇలా గడిచాక ఇక ఎవరూ అడగరు. పోయింది నాలుగైదువేల రూపాయలే అయితే బాధ లేదు. ఆకాశం చూడటమంటే ఇంతేనన్నమాట అని ఆ పసిమనసు తీర్మానించేసుకుంటుంది. అదీ నష్టం.

పెట్టె మీది లెక్క

ఇంతకీ 525 రెట్లన్నది అబద్ధమా? కాదు. కానీ నిజమూ కాదు.

టెలిస్కోపు ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నది హైస్కూలు లెక్కే. ముందుండే పెద్ద కటకం లేదా అద్దం నాభ్యంతరాన్ని, కంటి దగ్గర పెట్టుకునే ఐపీస్ నాభ్యంతరంతో భాగించాలి. బజార్లో విరివిగా దొరికే ఓ రకం టెలిస్కోపులో అద్దం వెడల్పు 76 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 700. దానికి 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 35 రెట్లు. 4 మిల్లీమీటర్లది పెడితే 175. మధ్యలో మూడింతలు చేసే బార్లో కటకం కూడా తగిలిస్తే... మూడు నూట డెబ్భై అయిదులు అయిదొందల పాతిక. లెక్క సరిగ్గా సరిపోయింది!

కాకపోతే అద్దం ఎంత వెడల్పుంటే అంత వెలుగే పట్టగలదు, అంత వివరమే చూపగలదు. అనుభవజ్ఞులు చెప్పే కొండగుర్తు ఏమిటంటే- అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు వరకే పెంచడం దండగ కాదు. అంటే 76 మిల్లీమీటర్ల అద్దానికి 150 రెట్లు గరిష్ఠం. అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. ఆపైన పెంచితే జెరాక్సుని మళ్లీ జెరాక్సు తీసినట్టే. అక్షరం పెద్దదవుతుంది, చదవడానికి మాత్రం రాదు.

పైగా రెట్లు పెరిగేకొద్దీ ఊపూ పెరుగుతుంది. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరుగుతుంటుంది. 35 రెట్లు పెట్టినప్పుడు ఓ నక్షత్రం కటకంలో ఈ చివర్నుంచి ఆ చివరికి పోవడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. 175 పెడితే నిమిషంలో మాయం. 'నాన్నా నువ్వు చూడు' అని పిల్ల పక్కకి తప్పుకునేలోపే గురుగ్రహం వెళ్లిపోతుంది!

నిజానికి అన్ని రెట్లు ఎవరిక్కావాలి? 1610 జనవరి 7న గెలీలియో గురుగ్రహం పక్కన చిన్న చుక్కల్ని చూశాడు. కొద్దిరోజుల్లోనే అవి గురుడి చుట్టూ తిరుగుతున్న చందమామలని గ్రహించాడు. ఆయన చేతిలో ఉన్నది సుమారు 20 రెట్లు చూపించే గొట్టం. చంద్రుడి మీద కొండల్నీ ఆయన అలాంటివాటితోనే చూశాడు. శని వలయాలు వలయాల్లా కనపడటానికి 30, 40 రెట్లు చాలు.

అరుంధతిని నిజంగా చూశారా?

ఆకాశాన్ని ఏళ్లతరబడి చూస్తున్నవాళ్లని 'ఏ టెలిస్కోపు కొనమంటారు' అని అడిగితే చాలామంది చెప్పే మొదటి మాట- 'కొన్నాళ్లు ఆగండి'. ఇది తప్పించుకునే మాట కాదు. ఊళ్లో ఏ వీధి ఎక్కడుందో తెలియకుండా బండి కొనుక్కుంటే ఏం లాభం? ఆకాశమూ అంతే. టెలిస్కోపులోంచి కనిపించేది చిటికెన వేలి గోరంత మేర. అందులో శనిని పట్టుకోవాలంటే ముందు ఉత్తి కళ్లతో శని ఎక్కడున్నాడో తెలియాలి.

దీనికో నెల చాలు. రాత్రి భోజనాలయ్యాక మేడ మీదికెళ్లి లైటార్పేయండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోన్ చూశారా, మళ్లీ మొదటికే! స్టెలేరియం లాంటి ఉచిత ప్రోగ్రాములు ఏ చుక్క పేరేమిటో చక్కగా చెబుతాయి కానీ, వాటిలో ఉండే ఎర్రతెర పెట్టుకుని మరీ చూడాలి. టార్చిలైటుకి ఎర్ర జిలుగు కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేసుకుంటే ఇంకా మేలు.

మొదట దేన్ని వెతకాలి? పెళ్లిలో పురోహితుడు 'అదిగో అరుంధతి' అంటే పట్టపగలైనా సరే, కనిపించిందన్నట్టు తలూపేస్తాం. నిజంగా చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు తిరగండి. పల్లెటూళ్లలో మంచంకోళ్లు అని చూపించే సప్తర్షి మండలం కనిపిస్తుంది. నాలుగు కోళ్లు, వెనక తోకలా మూడు చుక్కలు. ఆ తోకలో చివర్నుంచి రెండోది వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని వెలతెలగా మిణుకుమనేదే అరుంధతి. చూపు బాగుంటే ఉత్తి కళ్లకే అందుతుంది. బైనాక్యులర్స్‌తో అయితే ఇద్దరూ స్పష్టం. ఆ తర్వాత చిన్న టెలిస్కోపు పెట్టి చూడండి. వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు! ఇంకా తవ్వితే, ఆ రెంటిలో ఒక్కోటీ మళ్లీ జంటేననీ, అరుంధతికీ ఓ చిన్న తోడు ఉందనీ శాస్త్రవేత్తలు తేల్చారు. కొత్త దంపతులకి చూపించే ఆ జంట నిజానికి ఆరు నక్షత్రాల ఉమ్మడి కుటుంబమన్నమాట.

బైనాక్యులర్స్ మాట వచ్చింది కాబట్టి... పదివేల లోపు ఖర్చు పెట్టదలచుకుంటే ఆ డబ్బుకొచ్చే టెలిస్కోపు కన్నా మంచి బైనాక్యులర్స్ నయం. '7X50', '10X50' అని ఉంటాయి. మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది ముందు కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. మోచేతులు పిట్టగోడకి ఆనించి చూస్తే ఊపు తగ్గుతుంది. కృత్తికలు- మన పెద్దలు పిల్లలకోడి అనేవారే- ఉత్తి కళ్లకి ఆరు చుక్కలైతే ఇందులో డజన్లకొద్దీ. గురుడి చందమామలు సూదిమొన చుక్కల్లా దొరుకుతాయి. ఊరికి దూరంగా వెళ్తే ఆండ్రోమెడా గెలాక్సీ కూడా. దాని వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది! ఒకవేళ ఆసక్తి తగ్గిపోయినా పర్లేదు, పక్షుల్ని చూడ్డానికో, క్రికెట్ మ్యాచికో పనికొస్తాయి. టెలిస్కోపుకి ఆ సౌలభ్యం లేదు.

అంగుళాల సంగతి

ఆకాశం కాస్త పరిచయమయ్యాక కూడా కోరిక తగ్గకపోతే ఇక కొనొచ్చు. అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎన్ని రెట్లు' కాదు, 'వెడల్పెంత' అని.

చీకట్లో మన కంటిపాప మహా అయితే ఏడు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 70 మిల్లీమీటర్ల కటకం దానికన్నా వంద రెట్ల వెలుగుని పోగుచేస్తుంది. 150 మిల్లీమీటర్ల- అంటే ఆరంగుళాల- అద్దం సుమారు 460 రెట్లు. టెలిస్కోపు పని దూరాన్ని దగ్గర చేయడమని అనుకుంటాం కానీ, ఎక్కువగా అది చేసేది వెలుగు పట్టే పని. వర్షం నీరు పట్టడానికి చెంబు పెడితే ఎంత, గంగాళం పెడితే ఎంత!

ఇక కటకమా, అద్దమా? కటకాలవి చిన్నవి, బరువు తక్కువ, పెద్దగా సంరక్షణ అక్కర్లేదు. చవకవాటిలో చంద్రుడి అంచున ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. చంద్రుడూ గ్రహాలూ చాలనుకుంటే 70-80 మిల్లీమీటర్లది సుఖం. అద్దాలవి అదే ధరకి ఎక్కువ వెడల్పు ఇస్తాయి. 114, 130, 150 మిల్లీమీటర్లవి మొదలుపెట్టేవాళ్లకి దీటైనవి. అప్పుడప్పుడూ అద్దాల్ని సరిచూసుకోవాలి. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. ఆకాశంలో ఏది కిందో ఏది మీదో ఎవరికి పట్టింది కనుక! కంప్యూటర్‌తో తనంతట తనే తిరిగి గ్రహాన్ని చూపించేవీ ఉన్నాయి. సొగసే. కానీ డబ్బులో పెద్దవాటా మోటార్లకే పోతుంది, అద్దం చిన్నదైపోతుంది. మొదటిదానికి అంత హంగు అక్కర్లేదు.

ఆరంగుళాలు అంటే చిన్నచూపు చూడకండి. విశాఖపట్నం డాబాగార్డెన్స్ అంటే ఇప్పుడు దుకాణాలూ ట్రాఫిక్కే గుర్తొస్తాయి కానీ, 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు అక్కడ సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించారు. ఆయన మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి.టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిన అరుదైన సంఘటనని అక్కణ్నుంచే పరిశీలించారు. నరసింగరావు తెప్పించిన టెలిస్కోపు వెడల్పు ఎంతనుకున్నారు? ఆరంగుళాలే!

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్‌ది ఇంకాస్త పెద్ద సరదా. 1901లో ఆయన మొదలుపెట్టిందే నిజామియా అబ్జర్వేటరీ. 15 అంగుళాల కటకం తెప్పించారు. తర్వాత అది బేగంపేటకి మారింది. అక్కడ పనిచేసే ఓ ఖగోళ శాస్త్రవేత్త కొడుకు చిన్నప్పట్నుంచీ టెలిస్కోపుల మధ్యే పెరిగాడు. 1949లో అమెరికాలో చదువుకుంటూ ఓ కొత్త తోకచుక్కని కనిపెట్టిన బృందంలో ముందున్నాడు. ఆయనే వేణు బప్పు. తమిళనాడులోని కావలూరులో ఉన్న 2.34 మీటర్ల టెలిస్కోపు ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది.

సన్యాసి చేసిన స్టాండు

అద్దం ఎంత మంచిదైనా స్టాండు ఊగితే అంతా వృథా. అటకెక్కే టెలిస్కోపుల్లో సగం పాపం ఆ మూడు కాళ్లదే. కొనేటప్పుడు ఓ చిన్న పరీక్ష ఉంది. దూరంగా ఉన్న దేన్నైనా చూస్తూ గొట్టాన్ని వేలితో తట్టండి. రెండు మూడు సెకన్లలో బొమ్మ కుదుటపడితే సరే. డోలకంలా ఊగుతూనే ఉంటే పెట్టెలో పెట్టి తిరిగిచ్చేయడమే.

మోటారు వాహనాల పరీక్షలా మరలు తిప్పుకుంటూ వాడే 'ఈక్వటోరియల్' స్టాండ్లు ఉన్నాయి. ధ్రువనక్షత్రానికి గురిపెట్టి నిలపాలి. మనదగ్గర దాంతో ఓ ఇబ్బంది. ఏ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడు అక్కడ అంతే ఎత్తులో ఉంటాడు. హైదరాబాదులో అది 17 డిగ్రీల పైచిలుకు. అంటే పక్కింటి నీళ్లట్యాంకు చాలు, ధ్రువుణ్ని దాచేయడానికి!

అందుకే మొదటిసారి కొనేవాళ్లకి చాలామంది సూచించేది డాబ్సోనియన్ అనే సాదాసీదా చెక్కపెట్టె స్టాండుని. ఫిరంగిని తిప్పినట్టు పైకీ కిందకీ, పక్కకీ చేత్తో తోయడమే. దాని వెనక ఓ కథ ఉంది. జాన్ డాబ్సన్ 1915లో బీజింగ్‌లో పుట్టిన అమెరికన్. కెమిస్ట్రీ చదివి 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత మఠంలో సన్యాసిగా చేరాడు. చేతిలో పైసా లేదు. ఆకాశం చూడాలన్న కోరిక మాత్రం బోలెడు. పాత ఓడల కిటికీ అద్దాలు తెచ్చి చేత్తో అరగదీసి టెలిస్కోపు అద్దాలుగా మార్చాడు. అట్ట గొట్టాలు, ప్లైవుడ్ ముక్కలతో మిగతాది కుదిర్చాడు. చక్రాల మీద వీధుల్లోకి తోసుకెళ్లి దారినపోయేవాళ్లని పిలిచి చంద్రుణ్ని చూపించేవాడు. మఠం పనులు వదిలేసి ఈ ధ్యాసేమిటని చివరికి 1967లో పంపించేశారు. మరుసటి ఏడాది కొందరు కుర్రాళ్లతో కలిసి 'సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్' బృందం మొదలైంది. 2014లో చనిపోయేదాకా ఆయన చేసిందదే. ఆ స్టాండుకి పేటెంటూ గీటెంటూ తీసుకోలేదు. ఇవాళ ప్రపంచమంతా ఆయన పేరుతోనే అమ్ముతున్నారు.

అద్దం అరగదీయడం ఇప్పటికీ ఇంట్లో చేయదగ్గ పనే. పుణెలోని అయూకా సంస్థ ఇందుకోసం శిబిరాలే నడిపింది. వారాలకొద్దీ ఓపిక కావాలి. పిల్లలున్న ఇంట్లో కొనడమే సులువు, అది వేరే మాట.

పెట్టె విప్పిన రోజు

కొత్త టెలిస్కోపుతో మొదటి పని పగలే ఉంది. గొట్టం మీద చిన్న ఫైండర్ ఉంటుంది. అదీ, పెద్ద గొట్టమూ ఒకేచోటికి గురిపెట్టాలి. సూర్యుడున్న వైపు కాకుండా, దూరంగా ఉన్న సెల్‌టవర్ కొననో గుడి గోపురాన్నో పెద్ద గొట్టంలో మధ్యకి తెచ్చి, ఫైండర్ మరలు తిప్పి అందులోనూ మధ్యకి తేవాలి. పది నిమిషాల పని. ఇది చేయనివాళ్లే రాత్రంతా శని కోసం చీకట్లో తడుముకునేది.

రాత్రికి మొదట చంద్రుడు. పున్నమినాడు కాదు సుమా! ఆ రోజు వెలుగు నిటారుగా పడి నీడలుండవు, సున్నం వేసిన పళ్లెంలా ఉంటుంది. శుక్లపక్షంలో పంచమి నుంచి దశమి వరకూ మంచి అదను. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి బిలాల గోడల నీడలు పొడుగ్గా పడతాయి. నవమి, దశమి ప్రాంతాల్లో కనిపించే కోపర్నికస్ బిలం వెడల్పు 93 కిలోమీటర్లు. విక్రమ్ కనిపిస్తుందా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. కనిపించదు. ఆరంగుళాల టెలిస్కోపులో చంద్రుడి మీద విడిగా తెలిసే అతి చిన్న వస్తువు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు ఉండాలి. దిగిన ప్రాంతం దక్షిణపు అంచున ఎక్కడుందో మాత్రం చూపించొచ్చు.

తర్వాత గురుడు. రెండు గోధుమరంగు చారలు, పక్కన ఓ వరసలో నాలుగు చుక్కలు. అయో, యూరోపా, గ్యానిమీడ్, క్యాలిస్టో. పిల్లలకో నోటుపుస్తకం ఇచ్చి రోజూ ఆ చుక్కలు ఎటున్నాయో గీయమనండి. అయో అయితే నలభై రెండున్నర గంటల్లో ఓ చుట్టు తిరిగేస్తుంది. వారం తిరిగేసరికి గెలీలియో చేసిన పనే మీ పిల్లలూ చేసినట్టు!

శనిని మొదటిసారి చూసినవాళ్లు 'బొమ్మ అతికించారా' అంటుంటారు. అంత ముచ్చటగా ఉంటుంది. ఒక్క విషయం. సుమారు పదిహేనేళ్లకోసారి ఆ వలయాలు అంచు మాత్రమే మనవైపు తిప్పుతాయి. 2025 మార్చిలో అదే జరిగింది. ఆ తర్వాత మెల్లగా తెరుచుకుంటూ 2032 నాటికి బాగా విచ్చుకుంటాయి. ఇప్పుడు పదేళ్లున్న పిల్లలు ఆ మార్పునంతా కళ్లారా చూడొచ్చు.

రంగులేవీ?

నిరాశ ఎదురయ్యేది ఆ పైనే. శీతాకాలంలో తూర్పున వచ్చే వేటగాడి కత్తి దగ్గర ఓరియన్ నెబ్యులా ఉంటుంది. కంప్యూటర్లో చూసిన ఫొటోలో గులాబీరంగు. టెలిస్కోపులో చూస్తే బూడిదరంగు పొగ. మోసపోయామనిపిస్తుంది. మోసమేం లేదు. మసక వెలుగులో మన కన్ను రంగుల్ని పట్టలేదు. కెమెరా నిమిషాల తరబడి, ఒక్కోసారి గంటల తరబడి వెలుగుని పోగేసి రంగులు తెస్తుంది. కంటికి ఓ చిట్కా మాత్రం ఉంది. సూటిగా చూడకుండా దాని పక్కకి చూడండి. మసక వస్తువు ఇంకాస్త తేటగా తెలుస్తుంది. ఆ పొగ నక్షత్రాలు పుడుతున్న చోటనీ, ఆ వెలుగు దాదాపు 1350 ఏళ్ల కిందట బయల్దేరిందనీ తెలిసి చూస్తే బూడిదరంగే బంగారమవుతుంది. తెలియకుండా చూస్తే పొగే. ఈ సరదాలో సగం కళ్లతో, సగం చదువుతో.

1781లో విలియం హెర్షెల్ అనే సంగీతం మాస్టారు ఇంటి పెరట్లో, తానే చేసుకున్న ఆరంగుళాల చిల్లర టెలిస్కోపుతో చుక్కలు చూస్తున్నాడు. ఓ చుక్క మిగతావాటిలా సూదిమొనలా లేదు, కాస్త బిళ్లలా ఉంది. తోకచుక్కేమో అనుకున్నాడు. అది యురేనస్! ఆయన అదృష్టవంతుడనొచ్చు. కానీ ఏది మామూలుగా ఉందో తెలిసినవాడికే ఏది తేడాగా ఉందో తెలుస్తుంది. అది రాత్రుల తరబడి చూస్తేనే వస్తుంది.

ఈ ఒక్కటీ మాత్రం వద్దు

టెలిస్కోపుతో కానీ బైనాక్యులర్స్‌తో కానీ సూర్యుణ్ని చూడకూడదు. ఒక్క క్షణం కూడా. భూతద్దంతో కాగితం కాల్చే ఆట తెలుసు కదా. ఆ కాగితం స్థానంలో కంటి రెటీనా ఉంటుంది. రెటీనాకి నొప్పి తెలీదు కాబట్టి కాలుతున్నా తెలియదు. కొన్ని పాత, చవక టెలిస్కోపుల్లో ఐపీస్‌కి బిగించుకునే చిన్న నల్ల సోలార్ ఫిల్టర్ ఇస్తుంటారు. కటకం పోగుచేసిన వేడంతా దాని మీదే పడి పగిలిపోవచ్చు. పెట్టెలో అలాంటిది కనిపిస్తే ముందు దాన్ని పారేయండి. గొట్టం ముందు భాగమంతా కప్పే, సూర్యుడి కోసమే తయారైన ఫిల్టర్ ఒక్కటే దారి. అప్పుడు ఫైండర్‌కీ మూత పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్ములూ, నల్ల కళ్లద్దాలూ, పొగబెట్టిన గాజుపెంకులూ... వీటిలో ఏదీ వద్దు. పగలు టెలిస్కోపుని మేడ మీద వదిలేసి కిందకి రాకండి. చిన్నపిల్లలు ఏ వైపు తిప్పుతారో తెలీదు.

మన ఆకాశం మనకే

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు. అప్పుడు టెలిస్కోపు లోపలే ఉంటుంది, ఉండాలి కూడా. మన చెమ్మకి, ముఖ్యంగా కోస్తాలో, కటకాల మీద బూజు పడుతుంది. మూతలు పెట్టి, పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు వేసి పొడిగా ఉంచాలి. అద్దం మీద దుమ్ము పడిందని తువ్వాలుతో తుడిచారంటే గీతలే మిగులుతాయి. కొద్దిపాటి దుమ్ముతో బొమ్మకి ఏ నష్టమూ లేదు. బ్లోయర్‌తో ఊదితే చాలు.

నవంబరు నుంచి మార్చి వరకూ పండగే. ఇక నగరాల వెలుగు గురించి ఎంత వాపోయినా తక్కువే. అయితే చంద్రుడికీ గ్రహాలకీ దాంతో పనిలేదు. అమీర్‌పేట మేడ మీంచి చూసినా శని శనే. నెబ్యులాలూ గెలాక్సీలూ కావాలంటే మాత్రం అమావాస్య దగ్గర్లో సొంతూరు వెళ్లాల్సిందే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు కూడా 48 అంగుళాల టెలిస్కోపుని నగరంలో కాకుండా దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టింది ఇందుకే. సంక్రాంతి సెలవుల్లో టెలిస్కోపుని కారు డిక్కీలో పడేసుకుంటే అమ్మమ్మగారి డాబా మీద వేటగాడూ, పిల్లలకోడీ ఎదురుచూస్తుంటాయి. కాస్త దక్షిణంగా తిరిగితే అగస్త్య నక్షత్రం. లండన్‌లో ఉన్నవాళ్లకి అది ఎప్పటికీ కనిపించదు.

వాళ్లకి కనిపించని ఇంకో వింత కూడా మనకుంది. మే నెలలో, ఉక్కపోతకి ఎలాగూ మేడ మీదే పడుకుంటాం. రాత్రి తొమ్మిదీ పదింటికి దక్షిణ దిక్కున, నేలకీ నడినెత్తికీ మధ్య నాలుగో వంతు ఎత్తు కన్నా కొంచెం పైన, చీకటి ఊళ్లలో ఉత్తి కళ్లకి ఓ మసక చుక్క దొరుకుతుంది. పేరు ఒమెగా సెంటారీ. ఆరంగుళాల టెలిస్కోపు తిప్పితే ఆ మసక చుక్క కాస్తా బియ్యపురవ్వ ఒలకబోసినట్టు విడిపోతుంది. దాదాపు కోటి నక్షత్రాలు అందులో ఉన్నాయని అంచనా. పెద్దవాళ్లు వరసలో నిలబడి 'ఇక లే, నేను చూస్తా' అంటూ పిల్లల్ని తొందరపెట్టేది దాని దగ్గరే.